చిక్కటి ఆయిలే పోయించమనే పెద్దమనిషికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ పేరు రాయడం లేదు. రాద్దామన్నా కుదరదు, ఎందుకంటే మీరు ఒక్కరు కారు. మైండ్‌స్పేస్ ఆఫీసు సెల్లార్‌లో కారు లాక్ చేస్తుంటే వెనక నుంచి పలకరించేది మీరే. కొండాపూర్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా సర్వీసు బిల్లు పెడితే చాలు, తీర్పు చెప్పేదీ మీరే. గ్యారేజీలో బానెట్ ఎత్తీ ఎత్తగానే "మన ఎండలకు ఈ నీళ్లలాంటి ఆయిల్ ఆగదు సార్, ట్వంటీ ఫిఫ్టీ పోసేద్దాం" అనేదీ మీరే. మనిషి మారినా మాట మాత్రం ఒకటే: మనది వేడి ఊరు, కాబట్టి ఆయిల్ చిక్కగా ఉండాలి.

ఈ మాట పుట్టినప్పుడు అబద్ధం కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఇంజిన్లలో భాగాల మధ్య సందులు ఎక్కువ. ఆ సందుల్లో పొర నిలవాలంటే చిక్కటి ఆయిలే కావాలి. 20డబ్ల్యూ-40 డబ్బా అప్పట్లో పెట్రోలు బంకుల్లో దొరికేది. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి కూడా ఆ కార్లు మన రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత మాదాపూర్ మారింది, కార్లు మారాయి, ఇంజిన్ల లోపలి కొలతలు మారాయి. మీ సలహా ఒక్కటే ఉన్నచోటే ఉండిపోయింది.

ముందు ఎండ సంగతి తేల్చుకుందాం. హైదరాబాద్‌లో నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. కనిష్ఠం 6.1 డిగ్రీలు, 1946 జనవరిలో. బయట ఇంత తేడా ఉన్నా వేడెక్కిన ఇంజిన్‌కు అది పెద్దగా తెలియదు. థర్మోస్టాట్, కూలెంట్, రేడియేటర్ ఫ్యాను కలిసి దాన్ని మే నెలలోనూ డిసెంబర్‌లోనూ 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతాయి. కారు తయారుచేసినవాళ్లు ఆయిల్‌ను ఎంచింది ఆ వేడికి. మన ఎండ వాళ్లకు కొత్త విషయం కాదు.

డబ్బా మీది 0డబ్ల్యూ-20, 20డబ్ల్యూ-50 (మీ ట్వంటీ ఫిఫ్టీ) లాంటి అంకెలు కూడా ఈ వేడి లెక్క ప్రకారమే ఉంటాయి. ఎస్‌ఏఈ అనే గ్రేడుల పద్ధతిలో రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 20 అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ మధ్య. 50 అంటే 16.3 నుంచి 21.9 మధ్య. అంటే రెట్టింపుకు పైనే. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఇంజిన్ తిరగడానికి సంబంధించింది. 0డబ్ల్యూ పరీక్ష మైనస్ 35 డిగ్రీల దగ్గర జరుగుతుంది. "మనకు మంచు పడుతుందా ఏమిటి, దీంతో పనేముంది?" అని మీరు నవ్వుతారు. పని ఉంది. పొద్దున సెల్లార్‌లో బండి తీసేటప్పుడు ఇంజిన్ 90 డిగ్రీల మీద లేదు, పాతిక ముప్పై డిగ్రీల మీద ఉంది. 40 డిగ్రీల దగ్గరే మీ 20డబ్ల్యూ-50 మామూలు 0డబ్ల్యూ-20 కంటే మూడు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పైన క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ ఎంత త్వరగా చేరితే అరుగుదల అంత తక్కువ. మీరేమో అక్కడే ఆలస్యం చేయమంటున్నారు.

ఇప్పటి ఇంజిన్‌లో ఆయిల్ రాపిడిని తగ్గించడంతో సరిపెట్టుకోదు. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో సర్దే యంత్రాంగాన్ని సన్నటి దారుల గుండా నడిపించేది ఆయిల్ ఒత్తిడే. టైమింగ్ చైన్ బిగుతును చాలా ఇంజిన్లలో నిలిపేది అదే. టర్బో ఉంటే దాని బేరింగ్‌ను చల్లబరిచేది కూడా ఆయిలే. మారుతి కె-సిరీస్ పెట్రోల్ ఇంజిన్లలో చాలావాటికి 0డబ్ల్యూ-16, హోండా పెట్రోల్ కార్లకు 0డబ్ల్యూ-20 చెప్పింది ఈ లెక్కలన్నీ చూసుకునే. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ ఆ రోజే ఆగిపోదు. అదే మీకు ధైర్యం. "నేను చెప్పి పోయించాను, ఏమైంది?" అంటారు. మైలేజీ కాస్త తగ్గుతుంది, పికప్ మందగిస్తుంది, వారంటీలో పేచీ వస్తుంది. ఇవేవీ మీ ఖాతాలో పడవు.

అయినా నా అసలు ఫిర్యాదు ఇది కాదు. మీ ఎండ గోలలో పడి మా ఆయిల్‌కు నిజంగా హాని చేసేదాన్ని మేం చూడటం మానేశాం. అది ట్రాఫిక్.

2012లో జరిగిన జీవవైవిధ్య సదస్సు గుర్తుగా పేరు పెట్టుకున్న బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరున్నరకు నిలబడి చూడండి. అక్కడి నుంచి ఖాజాగూడ వైపు గానీ, గచ్చిబౌలి మీదుగా విప్రో సర్కిల్ వైపు గానీ వెళ్లే బండ్లలో మీటరు కదలదు, ఇంజిన్ మాత్రం ఆగదు. ఏసీ నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, ఆయిల్ కాగుతూనే ఉంటుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల సగటుతో 10,000 కిలోమీటర్లు తిరిగితే ఇంజిన్ పనిచేసింది 125 గంటలు. మన ఐటీ కారిడార్‌లో గంటకు 15 సగటుతో అదే దూరం తిరిగితే 660 గంటలు దాటుతుంది. ఓడోమీటర్ రెండు కార్లకూ ఒకే అంకె చూపిస్తుంది. ఆయిల్ మాత్రం రెండో కారులో ఐదింతలు ఎక్కువసేపు పనిచేసింది.

కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఈ సంగతి ఉంటుంది. కఠినమైన వాడకం పేరుతో ఒక పేజీ కనిపిస్తుంది. ఆగుతూ సాగే ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడ్లింగ్, కొద్ది దూరపు తిరుగుళ్లు, దుమ్ము: ఇలాంటివి ఉంటే ఆయిల్ గడువు తగ్గించమని అందులో చెబుతారు. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టూ లేచే భవనాల దుమ్ము కూడా కలిస్తే ఆ జాబితాలో మనకు వర్తించనిది ఏదీ మిగలదు. మామూలుగా చెప్పే పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది అన్న గడువు కొన్ని కార్లకు ఈ వాడకంలో సగమైపోతుంది.

వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లూ దీన్నుంచి తప్పించుకోలేరు. రాయదుర్గం మెట్రో దాకా, సూపర్ మార్కెట్ దాకా మూడు కిలోమీటర్లు పోయివచ్చే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమా, పెట్రోలు ఆవిరీ బయటికి పోక అందులోనే కలిసిపోతాయి. ఏడాదికి నాలుగువేల కిలోమీటర్లే తిరిగినా సరే, నెలల లెక్కన ఆ ఆయిల్ మార్చాల్సిందే.

మీరు ఎప్పుడూ చూడనిది మరొకటి ఉంది. డబ్బా మీద ఏపీఐ అని రాసి పక్కన ఆయిల్ ప్రమాణాన్ని చెప్పే రెండు అక్షరాలుంటాయి. ఎస్‌ఎల్ 2001 నాటిది, ఎస్‌ఎన్ 2010 నాటిది, ఎస్‌పీ 2020 మేలో వచ్చింది. మన కారిడార్‌లో చిన్న టర్బో పెట్రోల్ కార్లు బోలెడు. నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చల్లే ఆ ఇంజిన్లలో తక్కువ వేగంలో, ఎక్కువ బరువు పడ్డప్పుడు ఇంధనం వేళకు ముందే అంటుకునే ప్రమాదం ఉంది. ఆయిల్ దాన్ని అదుపులో ఉంచుతుందో లేదో చూసే పరీక్ష ఎస్‌పీలో భాగం, ఎస్‌ఎల్‌లో లేదు. పాత అక్షరాల డబ్బా చవకగా దొరికిందని అలాంటి ఇంజిన్‌లో పోయించడం పొదుపు కాదు.

డీజిల్ వాళ్లకు మీ సలహా మరీ ఖరీదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో చాలావాటికి పొగమసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పేరుకున్న మసి, కారును ఔటర్ ఎక్కించి కాసేపు నిలకడగా నడిపితే కాలిపోతుంది. తప్పు ఆయిల్ వల్ల చేరే బూడిద అలా కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే వాటికి తక్కువ బూడిదనిచ్చే ఆయిల్, మాన్యువల్ చెప్పిన ప్రమాణంతోనే పోయాలి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకుంటాను. లక్షన్నర కిలోమీటర్లు దాటి, ఆయిల్ తాగుతున్న పాత బండికి ఒక మెట్టు చిక్కటి గ్రేడు పనికిరావచ్చు. అదీ మాన్యువల్‌లో ఇచ్చిన పట్టిక లోపలే. కొన్ని కార్లకు 0డబ్ల్యూ-20తో పాటు 5డబ్ల్యూ-30 కూడా అనుమతిస్తారు. దానికి అభ్యంతరం లేదు. అక్కణ్నుంచి 20డబ్ల్యూ-50కి దూకడానికి మాత్రం ఎండను సాక్ష్యం చేసుకోకండి.

కాబట్టి అయ్యా, మీకు నా విన్నపం. సలహా ఇవ్వడం మానమనడం లేదు, మన ఊళ్లో అది జరగని పని. ఈసారి ఎవరైనా అడిగితే గ్రేడు చెప్పకండి, మూడు ప్రశ్నలు వేయండి. మాన్యువల్‌లో ఏ గ్రేడు ఉంది? డబ్బా మీద ఏ అక్షరాలున్నాయి? మార్చి ఎన్ని నెలలైంది? ఓపిక ఉంటే ఇంకో మాట కూడా చేర్చండి: సీలు మీ కళ్లముందే తీయించుకోండి, మూడున్నర లీటర్లు పట్టే ఇంజిన్‌లో నాలుగు లీటర్ల డబ్బా మొత్తం ఒంపనివ్వకండి, పోశాక డిప్‌స్టిక్ మీద గీత చూసుకోండి.

ఇక ఈ లేఖ చదివే కారు యజమానులకు: మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయించండి, గడువు మాత్రం ట్రాఫిక్‌ను బట్టి తగ్గించుకోండి. చిక్కటి ఆయిల్ కంటే తాజా ఆయిల్ మేలు.

ఇట్లు,
రాయదుర్గం సెల్లార్‌లో మీ పక్క స్లాటు మనిషి