పెనుబూర పద్యానికి టీకా తాత్పర్యం

మూల గోడలూని ముడిచిన పెనుబూర
గొంతు సన్న, నోరు గుమ్మమంత
వాటు తక్కువైన వాకిట వినిపించు
ఇల్లు చాలదనుట యేమి వింత

అవతారిక. ఇంట్లో సంగీతం వినడం కోసం కొందరు ఔత్సాహికులు చేతితో కట్టుకొనే బేస్ హార్న్, అనగా మంద్రస్వరాల నిమిత్తం బూర ఆకారంలో నిర్మించే పెద్ద స్పీకరు, ఈ ఆటవెలదికి వస్తువు. పద్యం ఈ టీకా నిమిత్తమే పుట్టింది కనుక కవి కాలాదులను విచారించే శ్రమ పాఠకులకు లేదు.

ప్రతిపదార్థం. మూల = రెండు గోడలూ నేలా కలిసే చోట; గోడలు + ఊని = ఆ గోడలను ఆధారం చేసుకొని; ముడిచిన = పొడవు గదిలో పట్టక మడతలు పెట్టిన; పెనుబూర = బేస్ హార్న్; గొంతు సన్న = డ్రైవరు, అనగా అయస్కాంతబలంతో ముందుకూ వెనక్కూ కదిలే కాగితపు శంకువుగల భాగం, గాలిని బూరలోకి నెట్టే ద్వారం ఇరుకు; నోరు గుమ్మమంత = గదిలోకి తెరుచుకొనే కొస వాకిలి పరిమాణం; వాటు తక్కువైన = యాంప్లిఫయరు ఇచ్చే శక్తి కొద్దిపాటిదే అయినప్పటికీ; వాకిట వినిపించు = ఇంటి ముందు నిలిచినవారికి సైతం వినబడుతుంది; ఇల్లు చాలదనుట = చోటు లేదని ఇంట్లోవారు చెప్పడం; ఏమి వింత = ఆశ్చర్యపడవలసినది కాదు.

తాత్పర్యం. గది మూలను ఆనుకొని, లోపల మడతలు పెట్టి కట్టిన పెద్ద బూరకు గొంతు చిన్నదైనా నోరు చాలా పెద్దది. కొద్ది వాట్లకే ఎంతో బిగ్గరగా పలుకుతుంది. అయితే అది ఆక్రమించే చోటు చూసిన ఇంట్లోవారు అభ్యంతరం చెప్పడం సహజం.

విశేషాలు. ముందుగా, బూర ఎందుకనే ప్రశ్న. 40 హెర్ట్జ్ స్వరం, అనగా సెకనుకు 40 కంపనాల ధ్వని, గాలిలో ఎనిమిదిన్నర మీటర్ల పొడవైన తరంగం. దాన్ని పుట్టించవలసిన శంకువు వెడల్పు 12 అంగుళాలో 15 అంగుళాలో మాత్రమే. చెరువులో గరిటెతో పెద్ద అల లేపబోయినట్టుగా, శంకువు నెట్టిన గాలి తరంగం కావడానికి బదులు పక్కలకు జారిపోతుంది, ఇచ్చిన విద్యుత్తులో నూటికి ఒక పాలు ధ్వని కావడమే గగనం. బూర గొంతు ఆ గాలిని పక్కలకు పోనీయక పట్టి ఉంచుతుంది, అక్కడి నుంచి క్రమంగా విశాలమవుతూ చివరికి గదిలోని గాలికి ఒప్పజెబుతుంది. ఈ వ్యవహారాన్ని సమీకరణంగా చెప్పినవాడు అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ (1919). బూర ఎలా విశాలం కావాలో లౌడ్‌స్పీకర్ల దృష్టితో తేల్చినవారు హన్నా, స్లెపియన్ (1924).

వారు సమర్థించిన ఆకృతి ఎక్స్‌పొనెన్షియల్ బూర, అనగా సమాన దూరాలకు వైశాల్యం రెట్టింపు అవుతూ పోయేది. ఎంత దూరానికి రెట్టింపు కావాలన్నది కటాఫ్‌ను బట్టి, అనగా ఏ స్వరానికి దిగువన బూర పలకడం మానుతుందో దాన్ని బట్టి ఉంటుంది. 24 హెర్ట్జ్ కోరినవారికి ఆ దూరం 79 సెంటీమీటర్లు. గొంతు 300 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 79 సెంటీమీటర్లు పోయాక 600, మరో 79 పోయాక 1,200, ఆ తరువాత 2,400, 4,800, 9,600 అవుతూ ఆరో మజిలీ దగ్గర 19,200 అవుతుంది. మొదటి రెండు మజిలీలూ చూసిన వడ్రంగి ఇది చిన్న పనే అనుకుంటాడు; సగానికి పైగా ప్లైవుడ్ చివరి రెండింటికే పోతుందని అతనికి ముందుగా చెప్పడం ధర్మం.

ఇక ‘గుమ్మమంత’. నోటి చుట్టుకొలత కటాఫ్ స్వరపు తరంగమంత ఉండాలని నియమం. అంతకంటె కురచైతే తరంగం బయటికి పోకుండా నోటి దగ్గరే తిరగబడి లోపలికి వస్తుంది, అందువల్ల కొన్ని స్వరాలు ఉబ్బి, కొన్ని అణగి, మొత్తం పలుకు డబ్బాలో మాట్లాడినట్టు తయారవుతుంది. ఒక మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు గల మామూలు గుమ్మం వైశాల్యం 2.1 చదరపు మీటర్లు. ఆ వైశాల్యమున్న నోటిని ఆరుబయట గాలిలో వేలాడదీస్తే 67 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, పెనుబూర అన్న పేరుకే తలవంపు. కనుక ఈ పదాన్ని మొదటి పాదంలోని ‘మూల’తో అన్వయించుకోవాలి. మూలలో రెండు గోడలూ నేలా మూడు అద్దాల వలె పనిచేసి ధ్వనిని గోళంలో ఎనిమిదో వంతుకే పరిమితం చేస్తాయి. అప్పుడు కావలసిన నోరు కూడా ఎనిమిదో వంతే, లేదా అదే నోటితో కటాఫ్ సుమారు 24కు దిగుతుంది. గది ఇక్కడ బూరను ఉంచే చోటు మాత్రమే కాదు, బూరలో చివరి భాగం కూడా. దీన్ని గుర్తించకుండా బూరను గది మధ్యకు జరిపి బేస్ రాలేదని డ్రైవరును నిందించేవారు అన్వయదోషానికి పాల్పడినవారే.

‘ఊని’ అన్న క్రియకు ఉదాహరణ క్లిప్ష్‌హార్న్. పాల్ క్లిప్ష్ తక్కువ చోటు పట్టే మంద్ర బూరను గురించి 1941లో పత్రం ప్రకటించి, 1946లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊళ్లో సంస్థ పెట్టి, గది మూలలో నిలిచే బూరను అమ్మడం మొదలుపెట్టాడు. అందులో మంద్రధ్వని పెట్టె వెనుకకు వచ్చి గోడల వెంబడే బయటికి నడుస్తుంది కనుక పెట్టెకూ గోడకూ సందు ఉండరాదు. ఉంటే బేస్ అక్కడే కారిపోతుంది. సంస్థ తరువాతి కాలంలో వెనుకభాగాన్ని మూసిన రూపం కూడా తెచ్చింది. పద్యంలో మూడు, నాలుగు పాదాల మధ్య ‘వినిపించు, ఇల్లు’ అని విసంధి కనిపిస్తుంది. దీన్ని వ్యాకరణదోషంగా ఎంచవచ్చు, కాని సరసత ఎరిగినవారు, గోడ దగ్గర సందు విడవరాదని హెచ్చరించడానికే కవి ఇక్కడ సందు విడిచి చూపాడని సమర్థిస్తారు.

‘ముడిచిన’ అన్నది విధి కాదు, గత్యంతరం లేక చేసేది. 24 హెర్ట్జ్ బూర పొడవు దాదాపు 16 అడుగులు. తిన్నగా కడితే గదిలో బూరే ఉంటుంది, వినేవాడు ఉండడు. తిన్నని బూరను ఎవరూ కట్టలేదని కాదు. లండన్ సైన్స్ మ్యూజియంలో రోడరిక్ డెన్మన్ రూపొందించిన బూర 27 అడుగుల పొడవు, 7 అడుగుల 1 అంగుళం చదరపు నోటితో 1930లలో బీబీసీ ప్రసారాలు వినిపించేది. 1949లో ఒక కూల్చివేత పనిలో దెబ్బతిని చాలావరకు నాశనమైంది, 2014లో దాన్ని మళ్లీ కట్టారు. అది మ్యూజియం. గృహస్థు మడవక తప్పదు. మడత దగ్గర లోపలి అంచు దారి దగ్గర, వెలుపలి అంచు దారి దూరం కనుక పొడవైన తరంగాలు సుఖంగా తిరుగుతాయి, పొట్టివి తమలో తాము కొట్టుకుంటాయి. అందుకే మడిచిన బూరకు మూడు నాలుగు వందల హెర్ట్జ్ పైన పని చెప్పరు, అక్కడి నుంచి వేరే చిన్న హార్న్ అందుకుంటుంది. 16 అడుగులు నడిచి వచ్చే మంద్రం సెకనులో వెయ్యింట 14 పాళ్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. పై స్వరాలను డిజిటల్ పరికరంతో అంతే ఆపి రెంటినీ కలపడం నేటి మర్యాద.

కట్టుబడి విషయంలో పద్యం మౌనం వహించింది గాని టీకాకారుడికి ఆ సౌకర్యం లేదు. వంపును వంపుగా కోయడం కష్టం కనుక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తిన్నని పలకలతో వంపుకు దగ్గరగా తెస్తారు. మంద్రస్వరాలకు ఆ తేడా పట్టదు. పట్టేది పలకల వణుకు. నోటి వైపు వెడల్పు పలకలు తామే స్పీకర్లయి పాడకుండా లోపల అడ్డబద్దలు వేయాలి, ప్రతి అతుకుకూ ధారాళంగా జిగురు పెట్టాలి. డ్రైవరు వెనుక మూసిన గది ఒకటి ఉండాలి: కటాఫ్ దగ్గర బూరలోని గాలి బరువుగా వేలాడుతుంది, వెనుక బిగించిన గాలి స్ప్రింగులా ఎదురు నిలిచి ఆ బరువును రద్దు చేస్తుంది. పైన చెప్పిన గొంతుకు ఆ గది 68 లీటర్లు ఉండాలి. ఈ కొలతలన్నీ రంపం పట్టకముందే ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ మెక్‌బీన్ ఉచితంగా ఇస్తున్న హార్న్‌రెస్ప్ అనే ప్రోగ్రాంలో వేసి చూసుకోవచ్చు. అందులో చెప్పని సంగతి ఒకటుంది: గుమ్మమంత నోరున్న బూర, ప్లైవుడ్ మందం కలిశాక, గుమ్మంలో పట్టదు. ముక్కలుగా చేసి లోపల బోల్టులతో బిగించవలసిందే.

‘వాటు తక్కువైన’ అన్నచోట అతిశయోక్తి శంకించరాదు. క్లిప్ష్‌హార్న్‌కు సంస్థ చెప్పే లెక్క, ఒక వాటుకు ఒక మీటరు దూరాన 105 డెసిబెల్లు. మామూలు పెట్టె స్పీకరుకు 90 వేసుకుంటే, పెట్టె 100 వాట్లు తిని చేసే మోత బూర మూడు వాట్లకే చేస్తుంది. ఇక్కడ పెట్టెవాదుల పూర్వపక్షం: ఈ కాలంలో వాట్లు చవక, అడుగు ఘనం పెట్టెలో గట్టి వూఫరు పెట్టి 500 వాట్లు తోస్తే అదే 24 హెర్ట్జ్ వస్తుంది గదా? వస్తుంది, కాదనడానికి లేదు. కాని అంత చిన్న పెట్టెలో శంకువు అంగుళాల మేర ఊగిసలాడుతుంది, ఊగిన కొద్దీ స్వరంలో లేని స్వరాలు కలుస్తాయి. బూరలో శంకువు కదిలినట్టే కనబడదు. డోలు దెబ్బ పడిన క్షణానికీ విన్న క్షణానికీ మధ్య మెత్తదనం లేకపోవడం ఈ వ్యసనపరులు చెప్పే ప్రధాన ఫలం, అందులో నిజం ఉంది. చిన్న గదిలో, చిన్న శబ్దంతో వినేవారికి మాత్రం పెట్టెవాదులదే గెలుపు.

చివరి పాదం. వాస్తు పాటించే తెలుగింట ఈశాన్యంలో బరువు పెట్టరు, నైరుతి బీరువాది, మరో మూలలో తలుపుంటుంది. మిగిలిన ఒక్క మూలతో స్టీరియో ఎలాగని ఆక్షేపం. సమాధానం: సుమారు 80 హెర్ట్జ్ దిగువ స్వరాలు ఏ వైపు నుంచి వస్తున్నాయో చెవి పోల్చుకోలేదు, కనుక అంతవరకు ఒక్క బూరే రెండు వైపులకూ చాలుతుంది. ఇక అసలు అభ్యంతరం పరిమాణం గురించి. డబుల్ బేస్ వాద్యంలో అట్టడుగు తీగ పలికేది 41 హెర్ట్జ్. 40 దగ్గర ఆగే మూల బూరకు నోరు ముప్పాతిక చదరపు మీటరు, పొడవు ఏడడుగులు, అంటే కిటికీ పాటి. అయితే ‘గొంతు’కు ‘కిటికి’తో యతి చెల్లదు, ‘గుమ్మం’తో చెల్లుతుంది; ఇల్లు చాలకపోవడానికి కారణం ఆ యతే. కట్టేవారికి యతినియమం లేదు కనుక కిటికీ అంత నోటితో సరిపెట్టుకోవచ్చు.