పొయ్యి చేసిన పాపం

నిప్పు తగిలితే ఆహారం చచ్చిపోతుందన్నది పచ్చి తిండి సిద్ధాంతానికి మూలసూత్రం. హైదరాబాద్ బేగంపేటలో ఉదయపు నడక వాళ్ల చేతుల్లోకి ఈ మధ్య అది ఆకుపచ్చ రసం సీసాగా వచ్చి చేరింది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు దారిలో బేగంపేట తర్వాతి స్టేషన్ పేరే నేచర్ క్యూర్ హాస్పిటల్ కనుక దీనికి రైల్వేశాఖ ఆమోదం కూడా ఉన్నట్టే లెక్క. (వైద్యుల కనుసన్నల్లో నాలుగు రోజులు చేసే పథ్యం వేరు, జన్మంతా పొయ్యి వెలిగించొద్దనే హుకుం వేరు.)

సూత్రం పాతదే. 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చిన గాంధీజీకి రాజమండ్రి ప్రకృతి చికిత్సకుడు సుందరం గోపాలరావు ఇదే బోధించారు. గాంధీజీ మే నెలలో మొదలుపెట్టి, తన పత్రిక యంగ్ ఇండియాలో ప్రకటించి, ఆగస్టుకల్లా జిగట విరేచనాలు పట్టుకుని మానేశారు. మానేసిన సంగతీ దాచకుండా అచ్చువేశారు. నేటి గురువులు మాత్రం మొదటి సగమే చదివారు.

ఈ సిద్ధాంతానికి ఆయువుపట్టు ఎంజైములు. పచ్చి క్యారెట్లో అవి సజీవంగా ఉంటాయట, కడుపులోకి దిగి తిన్నది అరిగిస్తాయట, ఉడికిస్తే చస్తాయట. 1946లో ఎడ్వర్డ్ హోవెల్ అనే అమెరికన్ పుస్తకం రాసి వదిలిన మాట ఇది.

ఎంజైము ప్రాణి కాదు, ప్రోటీను. బతకనిదానికి చావేమిటి? జీర్ణాశయంలోని ఆమ్లంలో పడ్డాక పప్పులోని ప్రోటీనుకు పట్టే గతే సాధారణంగా దానికీ పడుతుంది. పైగా క్యారెట్ ఎంజైము క్యారెట్ అవసరాల కోసం పుట్టింది. సికింద్రాబాద్ బిర్యానీ అరిగించడం దాని ఉద్యోగం కాదు. ఆ పనికి మనిషి నోట్లో అమైలేజ్, క్లోమంలో ట్రిప్సిన్, లైపేజ్ ఉన్నాయి. అవి ఎవరి సీసా కోసమూ ఎదురుచూడవు.

ఎంజైము మరణానికి ముహూర్తం కూడా పెట్టారు: సుమారు 48 డిగ్రీలు. మే నెలలో బేగంపేట రోడ్డు మీద ఎండలో నిలిపిన కారు లోపల ఆ గీత అలవోకగా దాటుతుంది. అంటే వెనక సీట్లోని మామిడిపళ్లు ఇంటికి చేరేలోపే కాలం చేసి ఉండాలి. వాటిని మాత్రం ఎవరూ పారేయరు, చల్లార్చి తింటారు.

వంటలో విటమిన్ సి కొంత పోతుందన్నది నిజం. క్యారెట్లోని బీటాకెరోటిన్, టమాటాలోని లైకోపీన్ ఉడికితేనే, కాస్త నూనె తగిలితేనే, ఒంటికి బాగా పడతాయన్నదీ అంతే నిజం. నూనెనూ నిప్పునూ ఒకేసారి వెలివేసినవాళ్లు రెండో వాక్యం పలకరు.

ఇంతవరకు వేళాకోళం సరిపోతుంది. షుగర్ మాత్రలు మానేసి రసం తాగమనడం వేళాకోళం కాదు, నేరం. పచ్చిరాజ్మాలోని విషం బాగా మరిగిస్తేనే విరుగుతుంది. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకిన ఈ-కోలై 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. మురుగు తగిలిన కూరల మీది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే వాటిలోంచి వచ్చే పురుగు పిల్లలు మెదడుకెక్కి మూర్ఛ తెస్తాయి. నగరం అంచున మూసీ మురుగుతో పండే ఆకుకూరల సంగతి హైదరాబాదీలకు ఒకరు చెప్పాలా? 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని పట్టుకున్నది ఇదే బేగంపేటలో. కంటికి కనపడనిది మనిషిని చంపే తీరు బయటపడిన చోటనే, కుళాయి కింద ఒకసారి తడిపిన కొత్తిమీరను అమృతమని అమ్ముతున్నారు. సిగ్గుండాలి.

సొరకాయ రసం మరీ ఘోరం. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త అది తాగి మరణించాక భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం వేసింది. చేదు సొరకాయలోని కుకుర్బిటాసిన్లనే విషాలు వండినా సరిగ్గా విరగవు. అందుకే తెలుగిళ్లలో తరిగే ముందు చిన్న ముక్క కొరికి చూస్తారు, చేదైతే పెంటకుప్పే. రసం వాళ్లు దాంట్లో కాకరకాయ కలిపి ఆ ఒక్క హెచ్చరికనూ మాయం చేస్తారు. తాగాక వాంతులు, విరేచనాలు మొదలైతే అది మలినాలు కడిగేయడం కాదు. ఆ విషానికి ప్రత్యేకంగా విరుగుడు మందు లేదు, వెంటనే ఆస్పత్రిలో చేరాలి.