గంతల క్రికెట్

కొలంబోలో మన అమ్మాయిలు అంధుల ప్రపంచకప్పు కొట్టాక ఊరూరా కొత్త జబ్బు పట్టుకుంది. అంధుల క్రికెట్ మీద అవగాహన కల్పించాలట. అందుకు కళ్ళున్న పెద్దమనుషులు గంతలు కట్టుకుని పది నిమిషాలు ఆడాలట.

మా ఊళ్ళోనూ ఆ ముచ్చట తీరింది. ముఖ్య అతిథికి గంతలు కట్టడానికే ఇద్దరు కావాల్సి వచ్చింది. క్రాఫు చెదరకుండా చూసేవాడొకడు, ఫొటోలో ముఖం దాగకుండా సర్దేవాడొకడు. ముక్కు పక్క సందులోంచి చూద్దామని కాబోలు, ఆయన తల వెనక్కి వాల్చి మరీ నిలబడ్డారు. అయినా మూడు బంతులూ కీపరుకే వెళ్ళాయి. బౌలింగ్ వేస్తున్న అంధుల జట్టు అమ్మాయి జాలిపడి నాలుగోది మెల్లగా బ్యాటుకే తగిలించింది. చప్పట్లు! గంతలు విప్పి, కళ్ళు నలుపుకుని, మైకందుకుని, "వీళ్ళ బాధేంటో ఇప్పుడర్థమైంది" అన్నారు. ఏకాదశి ఉపవాసంతో కరువు అర్థమైపోయినట్టుంది!

ఏమర్థమైందండీ? గంతలు కట్టుకున్నవాడికి తెలిసేదల్లా తన తడబాటే. ఆ అమ్మాయి ఏళ్ళ తరబడి చేసిన సాధన మీ నాలుగు బంతుల్లో ఎలా దొరుకుతుంది? బాధట! ఆమె మిమ్మల్ని మూడుసార్లు బీట్ చేసింది. బాధ ఎవరిది?

మనోనేత్రంతో ఆడుతున్నారని ఇంకొకాయన. చెవులతో ఆడుతున్నారు సార్. ప్లాస్టిక్ బంతిలో బేరింగులుంటాయి. బౌలరు "రెడీ?" అని అడిగి, అవతలి నుంచి జవాబొచ్చాకే "ప్లే" అంటూ చెయ్యి కిందినుంచి విసురుతుంది. గలగలమంటూ నేలబారున వచ్చే ఆ బంతిని విని స్వీప్ చేయాలి. మరి మనవాళ్ళేం చేశారు? బౌండరీ పక్కనే డీజే పెట్టారు! అమ్మాయిల అసలు మ్యాచ్ మొదలయ్యాక కూడా ఆపలేదు. ఫీల్డరు చెవి రిక్కించి నిలబడితే ఆమె కాళ్ళ పక్కనుంచే బంతి వెళ్ళిపోయింది. "పాపం" అన్నాడు వ్యాఖ్యాత. కళ్ళు తీసేసి ఆడమంటే ఆడతారు. చెవులు కూడా పీకేస్తే ఎలా ఆడతార్రా?

బొత్తిగా చూపులేని బీ1 బ్యాటరు పరుగు తీస్తే రెండుగా లెక్కేస్తారు. అది నిబంధన. వ్యాఖ్యాత దాన్ని గ్రేసు మార్కులన్నాడు. భోజనాల వేళైందని నాలుగో ఓవర్లోనే ఆట కట్టేశారు.

మాచర్ల వైపు నుంచి వెళ్ళి దేశ అంధుల జట్టుకు కెప్టెనై, అర్జున అవార్డు అందుకున్న ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి పేరు ఆ వేదిక మీద ఒక్కరికీ తెలియదు. అల్లూరి జిల్లా కొండల నుంచి కొలంబో వెళ్ళి ఆడిన పాంగి కరుణ కుమారిని "మన ప్రాంత బిడ్డ" అన్నారే గాని, పేరు పలకలేదు. శాలువాలు మాత్రం దండిగా కప్పారు.

అయ్యా, మీకు అర్థం కాకపోయినా నష్టం లేదు. వాళ్ళకో మైదానం ఇప్పించండి, దారి ఖర్చులు పెట్టండి, ఉద్యోగాలడిగితే ఫైలు కదపండి. అదీ కుదరదంటారా, ఆ డీజే అద్దె డబ్బులతో బంతులు కొనివ్వండి. బేరింగులున్నవి.