బంకుకు కాదు, గానుగకు

నేను కానుగ గింజను. తెలుగు నేల మీద నన్ను ఎరగనివాళ్లు తక్కువ, పట్టించుకున్నవాళ్లు ఇంకా తక్కువ. పుల్ల విరిస్తే పళ్లు తోముకోవడానికి, రొట్ట కొట్టి వరిమడిలో తొక్కితే ఎరువుకు, నూనె తీస్తే దీపానికీ గజ్జికీ. మా వంశానికి తరతరాలుగా ఉన్న గుర్తింపు ఇంతే. చేదు, పైగా ఘాటు వాసన. ఏ వంటింట్లోనూ నాకు చోటు లేదు. శాస్త్రజ్ఞులు పెట్టిన పొంగామియా అనే పేరు చూసి లాటిన్ అనుకుంటారేమో, అది మన దక్షిణాది ‘పొంగం’ నుంచే పోయింది. బయోడీజిల్ అనే మాట ఊరూరా వినబడ్డాక మాత్రం నాకు ఉన్నట్టుండి పెద్దరికం వచ్చిపడింది. కొందరు నన్ను చమురు దిగుమతుల నుంచి దేశాన్ని గట్టెక్కించే సంజీవని అన్నారు, మరికొందరు వట్టి దండగ అన్నారు. ఇద్దరూ ఒక్క ప్రశ్న అడగడం మరిచారు: నేను రాలిన చోటికీ, కాలే చోటికీ మధ్య దూరమెంత? నా మంచిచెడ్డలన్నీ ఆ దూరాన్ని బట్టే ఉంటాయి.

మొదటి సాక్ష్యం నాది కాదు, నా బంధువుది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ పెట్టిన చిన్న డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది. వేరుశనగా నేనూ చిక్కుడు కుటుంబంవాళ్లమే. దాన్ని ఆ ప్రదర్శనలో ఎందుకు నడిపారో ఆ రకం ఇంజిన్ సృష్టికర్త రుడాల్ఫ్ డీజిలే 1912లో చెప్పాడు: ఆఫ్రికాలోని తమ వలసల్లో వేరుశనగ విరివిగా పండుతుంది కాబట్టి, అక్కడి యంత్రాలు అక్కడి నూనెతోనే నడుస్తాయేమో చూడాలని ఫ్రెంచి ప్రభుత్వం అనుకుందట. వలస పాలకుల లెక్కలు వాళ్లకుంటాయి, అది వేరే సంగతి. అయినా గింజల నూనెతో ఇంజిన్ నడపాలన్న ఆలోచన పుట్టినప్పుడు దాని హద్దు కూడా దానితోపాటే పుట్టింది: పండిన చోటే కాల్చుకోవడం. వందేళ్ల తర్వాత మన ఆదిలాబాద్ అడవుల్లో జరిగిందీ అదే. చల్పడి అనే ఆదివాసీ పల్లెలో డీజిల్ బదులు కానుగ నూనె పోసి జనరేటర్ నడిపి ఇళ్లకు దీపాలిచ్చారు. అప్పట్లో అదే జిల్లాలో ఉన్న పవర్‌గూడలో గోండు మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచాయి, నూనె తీశాయి. ఆ ఊరు 2003 అక్టోబరులో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మింది. వాషింగ్టన్‌లో ఒక సదస్సుకు విమానాల్లో వచ్చినవాళ్ల పొగకు పరిహారంగా బ్యాంకు ఇచ్చింది 645 డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 30 వేల రూపాయలు. విమానాలెక్కినవాళ్ల పాపం గోండు ఆడవాళ్ల గంపల్లో కడిగేసుకోవడం నాకు ఇప్పటికీ చిత్రంగానే ఉంటుంది.

ఆ 147 టన్నుల వెనకున్న లెక్క చూడండి. పదేళ్లలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్ స్థానంలో వాడితే తగ్గే పొగ అది. అంటే ఏడాదికి అయిదు టన్నులు, సుమారు అయిదున్నర వేల లీటర్లు. గంటకు అయిదు లీటర్లు తాగే ట్రాక్టరు ఒకటి ఏడాదిలో 1,100 గంటలు దున్నడానికి సరిపోతుంది. ఊరి మట్టుకు అది చిన్న విషయం కాదు. అదే లెక్కను దేశానికి చాపితే నేను చేతులెత్తేయాల్సిందే. మన దేశం ఏటా తాగే డీజిల్ దాదాపు 9 కోట్ల టన్నులు. ఎదిగిన కానుగ చెట్టు ఏడాదికి 20 కిలోల గింజలిస్తుందనీ, నాలుగు కిలోలకు కిలో నూనె దిగుతుందనీ ఉదారంగానే అనుకుందాం. చెట్టుకు అయిదు కిలోలు. ఎకరాకు 200 చెట్లు వేసినా డీజిల్ మొత్తానికి బదులు నిలబడాలంటే 9 కోట్ల ఎకరాలు కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోని కొండలు, చెరువులు, ఊళ్లు, రోడ్లు అన్నీ కలిపినా 7 కోట్ల ఎకరాలు లేవు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదాన్ని నమ్ముకుని, 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది. 2018 నాటి జీవ ఇంధన విధానం 2030కి 5 శాతం చాలంది. జట్రోఫా పేరుతో ఊరేగిన ఆ మొక్క బీడులో బతికింది గానీ బీడులో కాయలేదు. కాయాలంటే నీళ్లూ ఎరువూ అడిగింది. పైగా కాగితాల మీద బీడన్నది మేకల కాపరికి మేత బీడు. తప్పు మొక్కది కాదు, దాని నెత్తిన దేశం మొత్తాన్ని పెట్టినవాళ్లది.

ఇక ఇంట్లోనే ఇంధనం చేసుకోవచ్చనే ఉత్సాహవంతుల సంగతి. పద్ధతి కష్టమేమీ కాదు. నూనె వడగట్టి, తడి పోయేలా కాచి, 60 డిగ్రీల వేడి దగ్గర నిలిపి, మెథనాల్‌లో కరిగించిన కాస్టిక్ సోడా పోసి గంటసేపు కలియబెడతారు. కదపకుండా రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అడుగున ముదురు బెల్లం పాకంలా గ్లిజరిన్, పైన తేటగా బయోడీజిల్. చిక్కదనం డీజిల్‌కు దగ్గరగా దిగుతుంది కాబట్టి ఇంజిన్ మారాం చేయదు. అసలు నూనెనే పోస్తే అది డీజిల్ కన్నా పదింతలు చిక్కన. నెమ్మదిగా తిరిగే పాత ఇంజిన్లు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి, తర్వాత నాజిళ్లకు మసి పడుతుంది. చెమ్మ తగిలిన గింజల నూనెలో ఆమ్లం పెరిగి, సోడా పోయగానే ఇంధనం బదులు సబ్బు తేలుతుంది. అన్నిటికన్నా పెద్ద ముప్పు మెథనాల్. గుక్కెడు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. అందుకే ‘ఇంట్లో’ అన్నమాట నాకు నచ్చదు, ‘ఊళ్లో’ అనండి. పిల్లలు తిరిగే వంటింట్లో కాదు, గానుగ పక్కన గాలాడే షెడ్డులో, పని నేర్చినవాళ్ల చేతి మీదుగా జరగాలి.

నన్ను కాల్చినా పొగ రాదా అని అడుగుతారు. వస్తుంది. కాకపోతే ఆ పొగలోని కార్బన్ నా చెట్టు గాలిలోంచి తీసుకున్నదే. భూమి అడుగున కోట్ల ఏళ్లు పడుకున్నదాన్ని లేపి తెచ్చింది కాదు. మసి, కార్బన్ మోనాక్సైడ్ డీజిల్ కన్నా బాగా తగ్గుతాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం కాస్త పెరుగుతాయి. నాలో కలిపే మెథనాల్ ఎక్కువగా సహజ వాయువు నుంచే వస్తుంది కాబట్టి నేను నూటికి నూరు పాళ్లు పచ్చనిదాన్నని చెప్పుకోను. ఇథనాల్‌కూ ఇదే కొలత పెట్టండి. పెట్రోలులో 20 శాతం కలిపే స్థాయికి దేశం చేరింది, రైతుకు ఇంకో గిరాకీ దొరికింది, నిజమే. కానీ ఆ ఇథనాల్ కోసం చెరకు తాగిన నీళ్లెన్ని, గోదాముల నుంచి బియ్యం ఎంత పోయింది అని అడిగితే జవాబు చెప్పాలి కదా. నన్ను ఎవరూ తినరు. నా విషయంలో కంచానికీ ట్యాంకుకూ పోటీ లేదు. అయితే వరి పండే పొలంలో నన్ను తోటగా నాటిన రోజు ఆ మాటా చెల్లదు.

కరెంటు బండ్లు వచ్చేశాయి, ఇంకా నీతో పనేమిటన్నది అన్నిటికన్నా గట్టి ప్రశ్న. ఆకు తనమీద పడ్డ ఎండలో మామూలుగా ఒకటి రెండు శాతానికి మించి దాచలేదు. సోలార్ పలక 20 శాతం దాకా పట్టుకుంటుంది. ఎకరానికి ఎకరం పోటీ పెడితే నేను ఓడిపోతాను, కార్లూ స్కూటర్లూ కరెంటుకు మారడమే సబబు. నేటికీ ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదేనని దెప్పవచ్చు గానీ, అది నన్ను గెలిపించే వాదన కాదు. కానీ పలక కోసం ఒకరు స్థలం చూడాలి, డబ్బు పెట్టాలి. నన్ను ఇప్పటికే రోడ్డు పక్కనా, గట్ల మీదా, బడి ఆవరణలోనూ నీడకోసం నాటారు. కాయడానికి నాకు విడిగా ఎకరం అక్కర్లేదు. ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజిన్లు, జనరేటర్లు రేపటికి రేపు తుక్కుకు పోవు. అవి ఉన్నన్నాళ్లు వాటిలో కొన్నిటి దాహం నేను తీర్చగలను, అంతకు మించి మాటివ్వను.

ఎండాకాలంలో మీ వీధిలో కానుగ కాయలు రాలితే ఊడ్చి నిప్పు పెట్టకండి, గోనెసంచికి ఎత్తి దగ్గర్లోని గానుగకు పంపండి. నాలుగు కిలోల గింజలకు దాదాపు కిలో నూనె దిగుతుంది. మిగిలిన పిండి పొలానికి ఎరువు.