కొత్తింటి బడ్జెట్ వ్రత విధానం

ఏ వ్రతానికైనా ముందు సంకల్పం చెప్పుకోవాలి. కొత్తింటికి మారే ఖర్చు లెక్కేసేవారు కూడా కాగితం తీసే ముందు అది దేనికో మనసులో తేల్చుకోవాలి. ఎంతవుతుందో తెలుసుకోవడానికా, కొనేద్దామని ఎప్పుడో అయిపోయిన నిర్ణయానికి ఇంటిల్లిపాది చేతా తలూపించడానికా? ఒకే కాగితం రెండు పనులూ చేయలేదు. పెద్దలు ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్లి చేసి చూడమన్నారు. లెక్క కట్టి చూడమని మాత్రం అనలేదు. చాలామంది వేసేది రెండో రకం బడ్జెట్టే కాబట్టి, దాన్ని శాస్త్రోక్తంగా వేసే పద్ధతి చెప్పుకుందాం.

ధర అన్న ఒక్క అంకెనే ఖర్చు అనుకోవడం మొదటి నియమం. హైదరాబాద్‌లో ఇంకా కడుతున్న అపార్ట్‌మెంటులో 80 లక్షల ఫ్లాటు నచ్చిందనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతానికి మించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే బ్యాంకు 64 లక్షలు, మీరు 16 లక్షలు. కలం ఇక్కడే కింద పెట్టేయండి. ఇంకో వరుస రాశారంటే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు కనబడతాయి. దాన్ని ఇంటి విలువలో కలిపి అప్పిద్దామన్నా బ్యాంకుకు వీల్లేదు. ఆ కింద జీఎస్టీ 5 శాతం, ఇంకో 4 లక్షలు. ఫ్లాటు ధర ఒక్క రూపాయి పెరగకుండానే మీ 16 లక్షలు 26 లక్షలయ్యాయి. ఇందులో రహస్యమేమీ లేదు. అన్నీ అచ్చులో ఉన్న రేట్లే, కూడిక వచ్చిన పిల్లవాడు చేసే లెక్కే. బిల్డరిచ్చే కాస్ట్ షీటులో కూడా కార్పస్ ఫండు, ముందే కట్టాల్సిన మెయింటెనెన్సు, కార్ పార్కింగు, క్లబ్ హౌసు వరుసగా ఉంటాయి, కాకపోతే కింది సగంలో. అందుకే ఆ షీటును సరిగ్గా మధ్యకు మడిచి జేబులో పెట్టుకోవాలి.

రెండో నియమం, ఇంటీరియర్‌ను "తర్వాత చూసుకుందాం" పద్దులో వేయడం. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానేమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే ఈ జబ్బుకు పేరు పెట్టారు: మన పని అంచనా వేసేటప్పుడు, అదే పని చేసినవాళ్లకు ఏమైందో చూడకుండా మన ఊహలో అది సాఫీగా జరిగిపోయే తీరునే చూస్తామని. కానేమన్ ఉదహరించిన 2002 నాటి సర్వేలో, వంటిల్లు బాగుచేయించుకున్న అమెరికన్లు సగటున 18,658 డాలర్లు అవుతుందనుకుని 38,769 డాలర్లు పెట్టారు. మనవాళ్లు అంతకు తీసిపోరు. బిల్డరిచ్చేది గోడలూ టైల్సూ స్విచ్‌బోర్డులూ. ఫ్యాన్లు, గీజర్లు, చిమ్నీ, కర్టెన్ రాడ్లు, దోమల మెష్, బాల్కనీకి పావురాల వల మీ భాగ్యం. ఇవన్నీ ఒకటొకటిగా చిన్నవే కాబట్టి దేన్నీ రాయనక్కర్లేదనిపిస్తుంది. ఆపైన, కొత్త గోడ పక్కన పాత బీరువా ఉన్నట్టుండి వెలిసిపోయినట్టు కనిపించడమనేది వడ్రంగికి తెలిసినంతగా ఆర్థికవేత్తలకు తెలియదు.

కాలానికి ఖర్చుండదని నమ్మడం మూడోది. 64 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు వేసుకుంటే నెలవాయిదా దాదాపు 55,500. తాళాలు ఆషాఢంలో చేతికొస్తే గృహప్రవేశం శ్రావణానికి పోతుంది, ఈలోగా మూఢం వస్తే ఇంకా ముందుకు. ఆ నెలల్లో పాతింటి అద్దే, కొత్తింటి వాయిదా రెండూ మీవే. పంచాంగం ఏడాది ముందే అచ్చవుతుంది, అయినా బడ్జెట్ వేసేటప్పుడు దాన్ని దేవుడి గదిలోనే ఉంచాలి. ఆడపడుచులకు బట్టలు, పురోహితుడి సంభావన, భోజనాల లెక్క అసలు ఎత్తకూడదు. శుభమా అని ఇల్లు కొంటూ విస్తళ్లు లెక్కపెడతారా?

జాగ్రత్తపరులు ఇక్కడ అడ్డుపడతారు: పైఖర్చులకని 10 శాతం పక్కన పెడితే పోలేదా? పెట్టండి. పేరు లేని డబ్బుకు హక్కుదారులెక్కువ, మొదటి వారంలోనే అది సోఫా అయి కూర్చుంటుంది. అద్దెకు మారేవారికి ఈ బాధ లేదనడమూ పొరపాటే. కొత్త యజమానికి అడ్వాన్సు ముందివ్వాలి, పాత యజమాని దగ్గరున్నది ఖాళీ చేశాకే, అదీ పెయింటింగ్ కోత పోగా వస్తుంది. నడుమ బ్రోకరు కమీషన్, ఏసీ విప్పి బిగించే కూలి.

ఇంకో వాదన గట్టిది: అన్నీ కలిపి చూస్తే ఎవడూ ఇల్లే కొనడు, కాబట్టి ఈ మాయ మంచిదే. ఇది నిజమైతే ఈ వ్రతానికి తిరుగుండేది కాదు. కానీ అదే లెక్కలో 70 లక్షల ఫ్లాటుకు చేతి డబ్బు 22 లక్షల 75 వేలు. 26 లక్షలు పుట్టనివాడికి ఇది పుట్టొచ్చు. ఒక గది తగ్గుతుందో, మెట్రో స్టేషను ఇంకాస్త దూరమవుతుందో అంతే, ఇల్లు పోదు. రాయకుండా వదిలేసిన అంకెలు మాత్రం పర్సనల్ లోన్ రూపంలో, గృహరుణం కన్నా ఎక్కువ వడ్డీతో గుమ్మంలోకి వస్తాయి. చాలనప్పుడు మెడలో గొలుసు తాకట్టుకు వెళ్తుంది, కొత్తింటి ఫోటోల్లో అది కనిపించదు.

ఈ వ్రతానికి భంగం కలిగించగలవాడు ఒక్కడే, అదే అపార్ట్‌మెంటులో కిందటేడు చేరిన పొరుగువాడు. మొత్తం ఎంతైందో అతనికి రూపాయితో సహా గుర్తుంటుంది, అడిగితే చాలు బిల్లుల ఫైలే తెచ్చి చూపిస్తాడు. ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు లిఫ్టులో తారసపడితే మంజీరా నీళ్లు వస్తున్నాయా అని అడిగి, మీ అంతస్తు రాగానే దిగిపోండి.