నొప్పికో రేటు, హాయికో రేటు

భిలాయిలో నడుం పట్టేసి మసాజ్ సెంటరు మెట్లెక్కితే "ఎక్కడ నొప్పి?" అని అడగరు. "థెరప్యూటిక్‌ చేయించుకుంటారా, రిలాక్సేషనా?" అంటారు. కౌంటరు మీద లామినేషన్ చేసిన కార్డు. రెండింటికీ అదే బల్ల, అదే నూనె, అవే చేతులు. మొదటిదానికి మాత్రం రేటెక్కువ. నోరు తిరగని పేరు కదా, ఆమాత్రం ఉంటుంది!

1959 ఫిబ్రవరిలో బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడి ఉక్కు ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ మనవాళ్ళెందరో ఉత్తరాంధ్ర వదిలొచ్చి, ఆ వేడి ముందు షిఫ్టులు చేసి, నడుములు అరగదీసుకుని రిటైరయ్యారు. ఆ నడుములకు కార్డు ఇచ్చే అభయం: "టాక్సిన్లు బయటికి పంపిస్తాం." ఏ టాక్సినో చెప్పమనండి, చూద్దాం. ప్లాంటుకు చిమ్నీలున్నట్టు ఒంటికి కాలేయం, మూత్రపిండాలు ఉండనే ఉన్నాయి. అవి అరవై నిమిషాల ప్యాకేజీ అడగవు, టిప్పు అంతకన్నా అడగవు. ఇంకో మాట, లాక్టిక్ ఆమ్లాన్ని పిండేస్తారట! ఒళ్ళు వంచి పనిచేసి ఆపాక గంటో గంటన్నరో గడిస్తే అది తనంతట తనే తగ్గిపోతుంది. మీరు ఇంటికెళ్ళి, స్నానం చేసి, ఇక్కడికి వచ్చేసరికి పిండడానికి ఏమీ మిగలదు.

మర్దన దండగని నేననను. నడుం నొప్పికి కొన్నాళ్ళు ఉపశమనం ఇస్తుందని పరిశోధనలు ఒప్పుకుంటాయి, కొన్నాళ్ళే. హాయి కోసం వెళ్ళి హాయి కొనుక్కొస్తే అందులో తప్పేముంది? భోగినాడు నువ్వులనూనెతో తలంటిన అమ్మమ్మ దాన్ని చికిత్స అనలేదు, బిల్లూ వెయ్యలేదు.

చికిత్స అన్నాక ముందు పరీక్ష ఉండాలి. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డ ఉండొచ్చు. దాన్ని పిసికితే ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. నడుం నొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కి, మూత్రం బిగిస్తే తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి. వీటి గురించి అడిగే గడి కార్డులో లేదు. లావెండరా, నిమ్మగడ్డా అని అడిగే గడి మాత్రం ఉంది.

ఫిజియోథెరపీ వంటి వృత్తుల చదువుకీ, రిజిస్టరుకీ 2021లో పార్లమెంటు చట్టం చేసింది. ఈ కార్డుకు లామినేషనే చట్టం.

కాబట్టి హాయి కావాలంటే రిలాక్సేషనే రాయించుకోండి. నొప్పి సంగతి తేలాలంటే సెక్టర్ 9 ఆస్పత్రి ఉంది. రెండు రేట్ల మధ్య తేడా ఆటోకి సరిపోతుంది.