కప్పు కింద సంతకం

బొమ్మ గియ్యడం కంటే ముందు నేను సంతకం నేర్చుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది కానీ, మీ దగ్గర దాపరికం ఏముంది? ఎనిమిదో తరగతి వేసవి సెలవులన్నీ లెక్కల నోటుబుక్కుని వెనకనుంచి తెరిచి, నా పేరుని రకరకాలుగా వంచుతూ, సాగదీస్తూ కూర్చున్నాను. పత్రికల్లో బాపు గారి బొమ్మ కింద ఆ రెండక్షరాల సంతకం ఎంత ఒద్దికగా, ఎంత దర్జాగా ఉండేదో మీకు తెలుసు. ఆ ఒద్దిక నా కంటికి ఆనలేదు, దర్జా మాత్రం ఆనింది. అందుకని నా మొదటి అక్షరానికి నెమలి తోక, చివరి అక్షరానికి ఏనుగు తొండం తగిలించి, కింద ఒక చుక్క పెట్టాను. ఆ చుక్క ఎందుకురా అని ఎవరైనా అడిగితే, కళ్ళు సగం మూసి, "అదే అసలు కళ" అనేవాణ్ణి. తొమ్మిదో తరగతి బడి తెరిచేసరికి సంతకం సిద్ధం. ఇక దాని పైన ఏదో ఒక బొమ్మ పడితే చాలు.

మాది విజయనగరం. ఆ ఊళ్ళో పుట్టినవాడికి కళ దానంతటదే అంటుకుంటుందని మా నమ్మకం, మంచు కాలంలో జలుబు అంటుకున్నట్టు. 1919లో పెట్టిన సంగీత కళాశాల మా ఊళ్ళోనే ఉంది. దానికి మొదటి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. తర్వాత ఆ కుర్చీలో ఫిడేలు నాయుడుగారు, అదే, ద్వారం వెంకటస్వామినాయుడు గారు కూర్చున్నారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు, సుశీల గారు అక్కడే చదువుకున్నారు. నేను అక్కడ చదువుకోలేదు. కానీ ఆ గోడ పక్కనుంచి రోజూ సైకిలు తొక్కేవాణ్ణి. లోపలినుంచి ఫిడేలు సాధన వినిపిస్తూ ఉండేది. విన్నాను కాబట్టి సగం వచ్చేసినట్టే అని లెక్క కట్టుకున్నాను. మిగతా సగం నాలో పుట్టుకతోనే ఉంది కదా!

ఘంటసాల విద్యార్థిగా ఉన్నప్పుడు మధూకరం ఎత్తుకుని, ఇంటింటా అన్నం అడిగి తిని సంగీతం నేర్చుకున్నారని ఎవరో చెబితే, ఒకరోజు పొద్దున్న జోలె లాంటి సంచీ భుజాన వేసుకుని నేనూ బయల్దేరబోయాను. మా అమ్మ గుమ్మంలో ఆపింది. "ముందు ఈ ఉప్మా తిను. తిన్న పళ్ళెం కడుగు. మధూకరం సంగతి సాయంత్రం చూద్దాం" అంది. ఉప్మాలో జీడిపప్పు ఉంది. సాయంత్రానికి మధూకరం మర్చిపోయాను.

బడిలో వారానికి రెండు పీరియడ్లు సంగీతం, రెండు పీరియడ్లు డ్రాయింగు. సంగీతం టీచరుగారు సరళీ స్వరాలు మొదలుపెట్టారు. మాయామాళవగౌళ రాగం, ఆది తాళం. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది లెక్కలు. నాలుగు నెలలు ఇదే. మిగతా పిల్లలు బుద్ధిగా తొడలు చరుచుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంత ప్రతిభ ఉన్నవాడి చేత వేళ్ళు లెక్కపెట్టిస్తారా? అందుకని రెండో రోజునుంచే రిషభం దగ్గర సొంతంగా ఒక గమకం వెయ్యడం మొదలుపెట్టాను. గమకం అని నేనన్నాను. టీచరుగారు మాత్రం, "గొంతులో ఏదైనా అడ్డం పడితే వెళ్ళి మంచినీళ్ళు తాగి రా నాయనా" అన్నారు.

డ్రాయింగు మేష్టారిదీ అదే గొడవ. బల్ల మీద ఒక కుండ, రెండు వంకాయలు పెట్టి చూసి గియ్యమనేవారు. నా కుండ ఎప్పుడూ ఎడం పక్కకి ఒరిగిపోయేది. దిద్దుకోవచ్చు. కానీ దిద్దితే మామూలువాడినైపోతాను కదా! "ఇది మోడరన్ ఆర్టు సార్, పికాసో ఇలాగే గీస్తాడు" అన్నాను. ఆదివారం అనుబంధంలో చూశాను, ఎవరో ఆడమనిషికి రెండు కళ్ళూ ఒకే పక్కన పెట్టాడాయన. మేష్టారు ఒరిగిన నా కుండని చాలాసేపు చూశారు. "ఆయనకి కళ్ళు తిన్నగా పెట్టడం వచ్చురా. నీకు కుండ తిన్నగా పెట్టడం రాదు. అదీ తేడా" అన్నారు. ఆ రోజంతా మేష్టారి మీద జాలిపడ్డాను, పాపం పల్లెటూరి మనిషి, ఏం తెలుసని. చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో, పికాసో పదిహేనేళ్ళు నిండకముందే వేసిన 'ఫస్ట్ కమ్యూనియన్' చూశాను. అందులో తెల్లగుడ్డ మడతలు చూస్తే, ఆ పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి బయటికి చూడాలనిపించింది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మీ ఇంట్లో అటక మీద గిటారు లేదా? పోనీ, రెండు పాఠాల దగ్గర ఆగిపోయిన హార్మోనియం? మొదటి పేజీలో మాత్రమే గులాబీ ఉన్న డ్రాయింగు పుస్తకం? నాకు తెలుసు.

సరే. ఆ ఏడు వార్షికోత్సవానికి మా హెడ్మాస్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. సంగీతం, డ్రాయింగు రెండూ కలిపి ప్రతి పిల్లాడూ సొంతంగా ఏదైనా చెయ్యాలి, దాని పేరు ప్రాజెక్టు. ఆ మాట మాకు కొత్త. మిగతావాళ్ళు తెలివైనవాళ్ళు. ఒకడు తంబురా బొమ్మ గీసి రంగులేశాడు. ఒకమ్మాయి ఏడు స్వరాలకీ ఏడు రంగుల ముగ్గు వేస్తానంది. నేను జలతరంగం అన్నాను. క్లాసంతా తిరిగి చూసింది. దాని కోసమే అన్నాను కూడా.

టీచరుగారు మురిసిపోయారు. అంతలోనే అనుమానం వచ్చి జాగ్రత్తలు చెప్పారు. కప్పులు అన్నీ ఒకటే సైజువి పనికిరావు, పెద్దవాటినుంచి చిన్నవాటి దాకా వరసగా ఉండాలి. అర్ధచంద్రాకారంలో పేర్చుకుని, సన్నపు పుల్లలతో అంచు మీద తట్టాలి. చెంచాతో కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ, తీస్తూ, ప్రతి కప్పునీ శ్రుతికి తెచ్చుకోవాలి. "రోజూ నా దగ్గరికి వచ్చి కలుపుకో" అన్నారు. ఆ చివరి మాట నేను వినలేదు. సృజన ఒకళ్ళ దగ్గర కూర్చుని కలుపుకునేదా ఏమిటి?

ముందు సీసాలతో మొదలుపెట్టాను. పెరట్లో ఖాళీ మందు సీసాలు (దగ్గు మందువే లెండి) ఎనిమిది వరసగా పెట్టి, నీళ్ళు పోసి, మూతి మీద పెదవి ఆనించి ఊదితే కూ అని పలికేవి. నీళ్ళు ఎక్కువ పోస్తే శ్రుతి పైకి పోతోంది. తక్కువ పోస్తే కిందికి దిగుతోంది. రెండ్రోజులు తంటాలు పడి స నుంచి పై స దాకా పట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ రెండ్రోజులూ నేను చేసిన పని మంచిదే. అక్కడే ఆగి ఉంటే మీకీ కథ చెప్పే అవసరమే ఉండేది కాదు. ఒక కాగితం మీద పట్టిక వేశాను: కింది స అంటే అడుగున వేలెడు నీళ్ళు, పంచమానికి సగం, పై స అంటే మెడ దాకా. అడుగున సంతకం.

వార్షికోత్సవం ఇంకో మూడ్రోజులు ఉందనగా, సీసాలు చూస్తే నామోషీ అనిపించింది. ముఖ్య అతిథి ముందు దగ్గుమందు సీసాలా? అమ్మ పెళ్ళికి ఎవరో ఇచ్చిన పింగాణీ కప్పులు ఆరు, బీరువాలో పైఅరలో ఉండేవి. చుట్టాలొస్తేనే దిగేవి. వాటిని దింపాను. ఇంకో రెండు పక్కింటి పిన్నిగారిని అడిగి తెచ్చాను, ఆవిడ గులాబీల కప్పులు. ఊదే సీసా పద్ధతి కొట్టే కప్పుకి వర్తిస్తుందా అని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది. "సీసాకైతేనేం, కప్పుకైతేనేం, నీళ్ళు నీళ్ళే కదా" అనుకున్నాను. ఒక పుల్ల తీసి ఒక కప్పు మీద టింగుమనిపిస్తే తేలిపోయే సంగతి. ఆ టింగు కొట్టడానికి తీరిక లేదు. ఎందుకంటే రంగులు వెయ్యాలి.

కిటికీ ఊచలకి వేయగా మిగిలిన ఎనామిల్ పెయింటు డబ్బాలు పెరట్లో ఉన్నాయి. నీలం, ఎరుపు. మామూలు నీటిరంగులు తడిస్తే పోతాయి కదా అని నా ముందుచూపు. ఎనిమిది కప్పులకీ దిట్టంగా పూసి, షడ్జమానికి నెమలి, రిషభానికి ఎద్దు, ఇలా స్వరానికో జంతువుని వేశాను. పుస్తకంలో గాంధారానికి మేక అని ఉంది. నాకు మేక రాదు, మళ్ళీ ఎద్దే వేశాను. పిన్నిగారి గులాబీల మీద ఏనుగు కూర్చుంది. చివరికి ప్రతి కప్పునీ బోర్లించి అడుగున సంతకం. ఎనిమిది సంతకాలు, నెమలి తోకతో, తొండంతో, చుక్కతో. అన్నిట్లోకీ బాగా కుదిరినవి అవే. పెయింటు ఆరడానికి రెండ్రోజులు పట్టింది కాబట్టి వాయించి చూడ్డం కుదరలేదు. చివరి రోజు నన్ను స్టేజి మీద పరిచయం చెయ్యాల్సిన మాటలు నేనే రాసుకున్నాను. "నాదమూ వర్ణమూ కౌగిలించుకునే అపూర్వ ప్రయోగం" అని మా క్లాసు లీడరు మైకులో చదవాలి. చదివాడు.

తెర లేచింది. కప్పులు అర్ధచంద్రంలో ఉన్నాయి, పట్టిక ప్రకారం నీళ్ళు పోశాను, పక్కన మా వాడు మృదంగం పట్టుకుని కూర్చున్నాడు, ముందు వరసలో ముఖ్య అతిథి, రెండో వరసలో అమ్మా పిన్నిగారూ. కళ్ళు మూసుకున్నాను. కింది స కొట్టాను. అది కింది స కాదు, ఎక్కడో ఆకాశంలో కీచుమంది. రి కొట్టాను, అదీ అదే గొంతు. గ, మ కూడా ఇంచుమించు అక్కడే, నలుగురన్నదమ్ముల్లా. పంచమం దగ్గర్నుంచి కప్పు కప్పుకీ కిందికి జారిపోవడం మొదలైంది, పై స దగ్గరికొచ్చేసరికి బావిలో చెంబు పడినట్టు డుబుక్కుమంది. పక్కనుంచి టీచరుగారి గొంతు, "ఆరోహణరా! ఆరోహణ!" అంటోంది. అప్పుడు నాకొక మెరుపులాంటి ఆలోచన వచ్చింది, తలకిందులుగా ఉంటే కుడినుంచి ఎడమకి వాయిస్తే సరి! వాయించాను. ఇప్పుడు డుబుక్కుతో మొదలై కీచుతో ఆగింది కానీ మధ్యలో రెండు కప్పులు అసలు పలకలేదు, పెయింటు మందంగా పడి టక్ టక్ అని చెక్కలా మోగాయి. మోగకపోతే ఏం చేస్తాం? గట్టిగా కొడతాం. కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. నెమలి రెండు ముక్కలైంది, నీళ్ళు బల్ల మీదనుంచి ధారగా మృదంగం కిందికి పోయాయి, మా వాడు మృదంగాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని లేచాడు, లేవడంలో వాడి మోకాలు బల్లకి తగిలింది, మైకు వంగింది, మిగిలిన కప్పుల్లో నీళ్ళు ముఖ్య అతిథి పంచె మీదికి నమస్కారం పెట్టినట్టు వెళ్ళాయి. హాల్లో ఎవరో చిన్నపిల్లాడు చప్పట్లు కొట్టాడు. వాడికి నచ్చింది.

ముఖ్య అతిథి సంస్కారవంతుడు. పంచె పిండుకుంటూనే, "జలం బాగుంది, తరంగం కూడా బాగుంది" అన్నారు.

మర్నాడు టీచరుగారు తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక సీసా, ఒక కప్పు తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఊదినప్పుడు పలికేది లోపలున్న గాలి. నీళ్ళు పెరిగితే గాలికి చోటు తగ్గి శ్రుతి పైకి పోతుంది. కొట్టినప్పుడు పలికేది కప్పు గోడ. నీళ్ళు పెరిగితే గోడకి బరువెక్కి నెమ్మదిగా అదురుతుంది, శ్రుతి దిగుతుంది" అని రెండూ చేసి వినిపించారు. కప్పులో నీళ్ళు సగం దాటేదాకా పెద్ద తేడా లేదు, పైకొచ్చేకొద్దీ గబగబా దిగిపోయింది. నా నలుగురన్నదమ్ముల గుట్టు అక్కడ తెలిసింది. మొత్తం మూడు నిమిషాల పాఠం.

ఇంట్లో అమ్మ కప్పులు లెక్కపెట్టింది. "ఆరిచ్చాను, ఐదొచ్చాయి" అంది, అంతే. కిరసనాయిలు గుడ్డతో నెల్లాళ్ళు తోమించింది నా చేత. ఎద్దులూ ఏనుగులూ సగం సగం పోయాయి కానీ, సంతకాలు పోలేదు, అడుగున గరుకు కదా, పట్టేసుకున్నాయి. నాన్న కాఫీ వారం రోజులు కిరసనాయిలు వాసనేసింది. ఆయన ఒక్క మాట అనకుండా, గుక్కగుక్కకీ నా వైపు చూస్తూ తాగేవారు. పిన్నిగారి రెండు కప్పులూ ఏ మొహంతో పట్టుకెళ్ళానో నాకే తెలీదు. ఆవిడ గులాబీల మీద మిగిలిన ఏనుగు చెవిని చూసి, "పోన్లేరా, దీనికీ నీడ కావాలి కదా" అన్నారు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆవిడని చూడ్డానికి వెళ్ళాను. ఎనభై దాటాయి. అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చి, నాకు మాత్రం లోపలికి వెళ్ళి వెతికి ఆ కప్పు తెచ్చి ఇచ్చారు. తాగి, ఎవరూ చూడకుండా బోర్లించి చూశాను. నెమలి తోక అరిగిపోయింది. తొండం లేదు. చుక్క మాత్రం నిన్న పెట్టినట్టుంది.

"అవున్రా, ఆ చుక్క ఎందుకు పెట్టావు?" అన్నారు, నేను చూడటం చూసి.

"అదే అసలు కళ పిన్నిగారూ" అన్నాను.

"ఓహో, అందుకా, ముప్పై ఏళ్ళుగా తోముతున్నా పోవటంలేదు" అని కప్పు పట్టుకుని లోపలికెళ్ళిపోయారు.